మూడో స్థానం ఎవరిది? టెస్టు జట్టు సెలక్టర్లకు ఒక జిల్లా స్కోరరు బహిరంగ లేఖ

భారత పురుషుల టెస్టు జట్టు సెలక్టర్లకు, ప్రధాన కోచ్ గారికి, కెప్టెన్ గారికి,

నమస్కారం.

నేను కాకినాడలో ఉంటాను. ముప్పయ్యేళ్లుగా జిల్లా లీగుల్లో, పాఠశాలల పోటీల్లో స్కోరు రాస్తున్నాను. మైదానం అంచున చెట్టు కింద బల్ల వేసుకుని బంతి బంతికీ ఒక గుర్తు పెట్టడం నా పని. పరుగు వస్తే అంకె, రాకపోతే చుక్క. ఓవరంతా చుక్కలే పడితే ఆ ఆరింటినీ గీతలతో కలిపి ‘ఎం’ అక్షరం గీస్తాం, అది మెయిడిన్ ఓవరని గుర్తు. ఇన్నేళ్లలో నేను అంకెల కంటే చుక్కలే ఎక్కువ పెట్టాను. ఆ చుక్కల విలువ తెలిసినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2021లో, 2023లో మనం ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాం. 2025 ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండ్‌పై 6 పరుగుల తేడాతో గెలిచి సిరీస్‌ను 2-2తో సమం చేశాం. ఆ ఐదు టెస్టుల్లో హైదరాబాదీ సిరాజ్ 1,113 బంతులు వేసి 23 వికెట్లు తీశాడు. అతడి చివరి యార్కర్‌కు అట్కిన్సన్ స్టంప్ లేచిపోయినప్పుడు మా వీధిలో ఒకరి కేక ఇంకొకరికి వినిపించింది. ఆ సంతోషానికి మీకు రుణపడి ఉన్నాం.

అయినా బహిరంగంగా రాయవలసి వచ్చింది. 2024 అక్టోబరు, నవంబరు నెలల్లో న్యూజిలాండ్ మన గడ్డ మీద మనల్ని 3-0తో ఓడించింది. బెంగళూరులో 46 పరుగులకే ఆలౌట్ అయ్యాం. ముంబైలో 147 లక్ష్యం ముందుంటే 121కే కుప్పకూలాం. సొంతగడ్డపై మూడు టెస్టుల సిరీస్‌లో ఒక్కటీ గెలవకుండా, ఒక్కటీ డ్రా చేసుకోకుండా ఓడడం అదే మొదటిసారి. ఎందుకు ఓడామని అప్పుడు అభిమానులు అడిగారు, మాజీ ఆటగాళ్లు అడిగారు, పత్రికలు అడిగాయి. ఏడాది తిరిగేసరికి దక్షిణాఫ్రికా వచ్చి కోల్‌కతాలో 30 పరుగులతో, గువాహటిలో 408 పరుగులతో ఓడించి వెళ్లింది. పరుగుల తేడాలో మన టెస్టు చరిత్రలో ఇంత పెద్ద ఓటమి మరొకటి లేదు. మొదటిసారి అడిగిన ప్రశ్నలే రెండోసారీ అడగవలసి వచ్చిందంటే, మొదటిసారి ఎవరూ విననట్టే కదా.

బ్యాటింగ్ తీరు, జట్టు ఎంపిక, డిక్లరేషన్ (అందరూ ఔటవకముందే ఇక చాలని ఇన్నింగ్స్ ఆపేయడం). ఈ మూడింటినీ విడివిడి సమస్యలుగా చర్చిస్తున్నారు. నాకు మాత్రం ఇది ఒకే రోగంగా కనిపిస్తోంది. క్రీజులో పాతుకుపోయి నిలబడే బ్యాటర్ మీద మీకు నమ్మకం సన్నగిల్లింది. ఆ నమ్మకం పోయాక ఎనిమిదో స్థానం దాకా బ్యాటింగ్ కావాలనిపిస్తుంది. అందుకోసం వికెట్లు తీసే బౌలర్‌ను పక్కన కూర్చోబెడతారు. బౌలర్ తగ్గాక ఎంత ఆధిక్యం ఉన్నా చాలదనిపిస్తుంది, డిక్లేర్ చేయడానికి చేయి రాదు. ఒకదాని వెంట ఒకటి వచ్చే ఈ సంగతులను వరుసగా చెబుతాను.

1. మూడో స్థానం గురించి

బ్యాటింగ్ వరుసలో మూడో స్థానమంటే మొదటి వికెట్ పడగానే దిగే చోటు, మా క్లబ్బుల్లో దీన్ని వన్‌డౌన్ అంటారు. ఊళ్లో పిల్లల జట్టులో కూడా ఆ స్థానం ఎవరికి పడితే వారికి ఇవ్వరు. కొత్త బంతిని ఎదుర్కోవాలి, పాత బంతినీ ఆడాలి, ఒక వికెట్ త్వరగా పడితే రెండోది పడకుండా చూడాలి. ద్రవిడ్, ఆ తర్వాత పుజారా దాదాపు పాతికేళ్లు ఆ పని చేశారు. 2023 జూన్‌లో ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ తర్వాత పుజారాకు మళ్లీ చోటు దక్కలేదు. వయసు మీద పడినవారిని మార్చడం తప్పు కాదు. అయితే ఆ తర్వాత అదే స్థానంలో శుభ్‌మన్ గిల్, విరాట్ కోహ్లీ, దేవదత్ పడిక్కల్, కేఎల్ రాహుల్, కరుణ్ నాయర్, సాయి సుదర్శన్, వాషింగ్టన్ సుందర్ ఆడారు. రెండున్నరేళ్లలో ఏడుగురు.

ఇందులో ఒక్క సంగతి చాలు. 2025 అక్టోబరులో ఢిల్లీలో వెస్టిండీస్‌పై సాయి సుదర్శన్ 87, 39 పరుగులు చేశాడు. తర్వాతి టెస్టు కోల్‌కతాలో. అక్కడ అతడు తుది జట్టులో లేడు. వాషింగ్టన్‌ను మూడో స్థానంలో పంపారు. మన బ్యాటర్లలో ఒక్కరు కూడా 40 చేరలేని ఆ పిచ్‌పై వాషింగ్టన్ 82 బంతులాడి 29, 92 బంతులాడి 31 చేశాడు. వారం తిరగకుండా గువాహటిలో సుదర్శన్ మళ్లీ మూడో స్థానంలోకి వచ్చాడు, వాషింగ్టన్ ఎనిమిదో స్థానానికి పోయాడు. బాగా ఆడినవాడిది ఒక్క టెస్టు తేడాలో చోటు పోయింది, ఓపిగ్గా నిలబడినవాడు ఐదు మెట్లు కిందికి దిగాడు. ఇద్దరిలో ఎవరికైనా తన పని ఏమిటో తెలిసే అవకాశం ఉందా?

2. దేశవాళీ పరుగుల గురించి

రాష్ట్రాల జట్లు ఆడే రంజీ ట్రోఫీలో, 2023-24 సీజన్‌లో దేశంలో అందరికంటే ఎక్కువ పరుగులు చేసినవాడు ఆంధ్ర బ్యాటర్ రికీ భుయ్. 902 పరుగులు. అతడికి టెస్టు జట్టు తలుపు తెరుచుకోలేదు. అభిమన్యు ఈశ్వరన్ ఆస్ట్రేలియా వెళ్లాడు, ఇంగ్లండ్ వెళ్లాడు, రెండు పర్యటనల్లో పది టెస్టులకు బెంచీ మీదే ఉన్నాడు. సర్ఫరాజ్ ఖాన్ 46 ఆలౌట్ అయిన ఆ బెంగళూరు టెస్టులోనే రెండో ఇన్నింగ్స్‌లో 150 కొట్టాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ఒక్క టెస్టూ ఆడించలేదు, ఇంగ్లండ్ పర్యటన జట్టులో పేరే లేదు. వీళ్లందరినీ ఆడించాలని నేను అనను. మీకు కనిపించే లోపాలు మాకు కనిపించకపోవచ్చు. కానీ ఆ లోపం ఏమిటో ఆ ఆటగాడికైనా, వాడి వెనక వరుసలో నిలబడ్డ వందమందికైనా తెలియాలి.

రంజీ ఆటగాళ్లలో ఎక్కువమందికి ఐపీఎల్ కాంట్రాక్టులు లేవు. ఖాళీ గ్యాలరీల ముందు నాలుగు రోజులు ఎండలో నిలబడేది రేపు ఒకనాడు పిలుపు వస్తుందన్న ఆశతోనే. ఆ పిలుపుకు దారి ఏదో తెలియనప్పుడు పాతికేళ్ల కుర్రాడికి ఇంట్లోవాళ్లు చెప్పే మాట ఒక్కటే: ఆట మానేసి ఉద్యోగం చూసుకో. అలా మానేసినవాళ్లు మా జిల్లాలోనే ఎంతమందో. వాళ్ల పేర్లు నా పాత పుస్తకాల్లో ఉన్నాయి.

3. సగం బ్యాటర్, సగం బౌలర్ గురించి

2025 జూన్‌లో హెడింగ్లీ టెస్టు. జైస్వాల్, గిల్, రాహుల్ తలా ఒక సెంచరీ, పంత్ రెండు. ఒక టెస్టులో ఐదు సెంచరీలు చేసి ఓడిపోయిన జట్టు చరిత్రలో అంతకుముందు లేదు. బ్యాటింగ్ లోతు కోసం ఎనిమిదో స్థానంలో శార్దూల్ ఠాకూర్‌ను పెట్టారు. తొలి ఇన్నింగ్స్‌లో చివరి ఏడు వికెట్లు 41 పరుగులకు పడ్డాయి, రెండో ఇన్నింగ్స్‌లో చివరి ఆరు 31 పరుగులకు. లోతు కోసం చేసిన ఏర్పాటు లోతు ఇవ్వలేదు. బౌలింగ్ సంగతి చూస్తే, ఇంగ్లండ్ తొలి ఇన్నింగ్స్‌లో వంద ఓవర్లు ఆడితే శార్దూల్‌కు బంతి దక్కింది 6 ఓవర్లకే. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ 371 పరుగులు ఛేదించింది.

అయిదు టెస్టుల ఆ సిరీస్ అంతటా కుల్దీప్ యాదవ్ ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్ 669 కొట్టిన రోజుల్లోనూ అతడు మైదానం బయటే. బ్యాటింగ్ తక్కువ అన్నదే అతడి తప్పయితే, అదే కుల్దీప్ నాలుగు నెలల తర్వాత గువాహటిలో ఏం చేశాడో కింద చెబుతాను.

మా వైపు నుంచి ఇంకొక మాట. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్‌లో 114 కొట్టినప్పుడు ఈ రెండు రాష్ట్రాల్లో కన్నీళ్లు పెట్టుకోనివారు తక్కువ. 99 మీద అతడు అవతలి కొసన నిలబడి ఉంటే, సిరాజ్ కమిన్స్ బంతులు మూడు కాచుకున్నాడు. ఆ మూడు చుక్కలు లేకపోతే ఆ సెంచరీ లేదు. అంతటి బ్యాటర్‌ను ఇప్పుడు మీరు దేనికి తీసుకుంటున్నారు? ఢిల్లీ టెస్టులో వెస్టిండీస్‌ను ఫాలో ఆన్ ఆడించి, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దింపి, మన బౌలర్లు వరుసగా 200 ఓవర్లు వేశారు. బుమ్రా, సిరాజ్, జడేజా, కుల్దీప్, వాషింగ్టన్ వేశారు, చివరికి ఓపెనర్ జైస్వాల్ కూడా ఒక ఓవర్ వేశాడు. పేస్ ఆల్‌రౌండర్‌గా జట్టులో ఉన్న నితీశ్ చేతికి ఒక్క ఓవర్ రాలేదు. అతడు బౌలర్ కాదనుకుంటే బ్యాటర్ల స్థానంలో పెట్టి ఆడించండి. బౌలరే అనుకుంటే అలసిపోయిన బుమ్రా చేతిలోంచి బంతి తీసుకుని అతడికి ఇవ్వండి. ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని ఏ పనీ అప్పగించకుండా పదకొండుగురిలో నిలబెడితే, అతడు నేర్చుకునేది ఏమీ ఉండదు. మన బౌలర్ల భుజాలు మాత్రం అరిగిపోతాయి.

4. ‘జిడ్డు’ అనే మాట గురించి

క్రీడా పేజీల్లో, వ్యాఖ్యానాల్లో చాలాకాలంగా ఒక మాట ఉంది: జిడ్డు బ్యాటింగ్. నలభై బంతులాడి ఐదు పరుగులు చేస్తే జిడ్డుగా ఆడుతున్నాడంటాం. జట్టును ఓటమి నుంచి కాపాడుతున్నవాడికీ, తన సగటును కాపాడుకుంటున్నవాడికీ కలిపి ఒకటే మాట వాడతాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసులో ముల్లు గుచ్చుకుంటుంది.

2021 జనవరి 11, సిడ్నీ, ఆస్ట్రేలియాతో టెస్టు. లక్ష్యం 407. పంత్ 97, పుజారా 77 చేసి వెనుదిరిగాక గెలుపు ఆశ పోయింది. మా కాకినాడలో పుట్టిన హనుమ విహారికి తొడ వెనక కండరం పట్టేసింది, సరిగా పరుగెత్తలేడు. అవతలి కొసన నడుము నొప్పితో అశ్విన్. తెల్లవారుజామున లేచి టీవీ ముందు కూర్చున్న నేను, ఉండబట్టలేక నా పుస్తకం తీసి స్కోరు రాయడం మొదలుపెట్టాను. విహారి పేరుకు ఎదురుగా ఉన్న గడి చుక్కలతో నిండిపోయింది. కింది గడిలోకి దిగాను, అదీ నిండింది. చివరికి పేజీ అంచులో పెట్టాను. 161 బంతుల్లో 23 నాటౌట్. ఇద్దరూ 42 ఓవర్లకు పైగా నిలబడి డ్రా చేశారు. వారం తర్వాత గబ్బాలో 328 ఛేదించి సిరీస్ గెలిచాం. ఆ గెలుపు ఈ డ్రా మీద నిలబడింది. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ తర్వాత విహారి ఆడిన టెస్టులు నాలుగే.

గువాహటి తొలి ఇన్నింగ్స్ చూడండి. 1 వికెట్‌కు 95 నుంచి 7 వికెట్లకు 122. ఇరవై ఏడు పరుగుల్లో ఆరు వికెట్లు. ఆ పతనం మధ్యలో కెప్టెన్ బాధ్యతలో ఉన్న పంత్ ముందుకు దూకి యాన్సెన్‌ను బాదబోయి కీపర్‌కు దొరికాడు. అప్పుడు తొమ్మిదో స్థానంలో వచ్చిన కుల్దీప్ 134 బంతులు ఎదుర్కొన్నాడు. 19 పరుగులు. ఆ ఇన్నింగ్స్‌లో మన జట్టులో అందరికంటే ఎక్కువ బంతులాడినవాడు అతడే. బ్యాటింగ్ తక్కువ కాబట్టి ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులు బెంచీ మీద ఉన్న కుల్దీపే. పిచ్‌లో భూతమేమీ లేదని అతడి చుక్కలే సాక్ష్యం చెప్పాయి.

రెండో ఇన్నింగ్స్‌లో సాయి సుదర్శన్ 139 బంతుల్లో 14 చేశాడు. ఆ అంకెలను పట్టుకుని నవ్వినవారు ఉన్నారు. అతడి పక్కన ఇంకో ఇద్దరు అలా నిలబడి ఉంటే డ్రా దక్కేది. ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్‌లో గెలుపుకు 12 పాయింట్లు, డ్రాకు 4, ఓటమికి సున్నా. చుక్కలకు పట్టికలో కూడా విలువ ఉంది.

దూకుడు వద్దని నేను అనడం లేదు. 2024లో కాన్పూర్‌లో బంగ్లాదేశ్‌తో రెండు రోజులు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాక, 34.4 ఓవర్లలో 9 వికెట్లకు 285 కొట్టి డిక్లేర్ చేసి గెలిచారు. టెస్టు చరిత్రలో అంత వేగంగా 50, 100, 150, 200, 250 ఎవరూ దాటలేదు. అది చూసి నేను పొంగిపోయాను. కాన్పూర్‌లో కొట్టిన సిక్సర్లు బౌలర్లకు సమయం కొనిపెట్టాయి. గువాహటిలో కొట్టబోయిన షాట్లు ఉన్న సమయాన్ని పారబోశాయి. మెల్‌బోర్న్‌లోనూ అంతే. 2024 డిసెంబరు 30న ఒక సెషన్ మొత్తం వికెట్ పడకుండా జైస్వాల్, పంత్ నిలబడ్డారు. టీ తర్వాత, 104 బంతులు ఓపిగ్గా ఆడిన పంత్, పార్ట్‌టైం స్పిన్నర్ హెడ్ వేసిన పొట్టి బంతిని లాంగాన్ వైపు లేపాడు. అక్కడి నుంచి చివరి ఏడు వికెట్లు 34 పరుగులకు పోయాయి. ఆ ఇద్దరిలో ఎంత ఓపిక ఉందో ఆ సెషన్ చూపించింది. ఓపికకు ఈ జట్టులో మర్యాద ఉందని వాళ్లకు గట్టిగా చెప్పవలసినవారు మీరు.

దీని ఫలితం మా మైదానాల్లో ఎలా ఉందో చెప్పాలి. పోయిన చలికాలం ఇక్కడ అండర్-16 రెండు రోజుల మ్యాచ్ జరిగింది. ఒక అబ్బాయి ఐదో స్థానంలో వచ్చి 143 బంతులాడి 22 చేశాడు. తొమ్మిది వికెట్లు పడ్డాయి, అయినా ఓడిపోకుండా మ్యాచ్ డ్రాగా నిలిచింది. ప్యాడ్లు విప్పకుండానే నా బల్ల దగ్గరికి వచ్చి, “మాస్టారూ, నేను ఎన్ని బంతులాడానో చూపిస్తారా?” అని అడిగాడు. చూపించాను. వేలు పెట్టి ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టుకున్నాడు. వాళ్ల నాన్న స్కూటరు మీద వచ్చి అక్కడే నిలబడి ఉన్నారు. “ఇలా జిడ్డు ఆడితే ఎవరు తీసుకుంటారండీ? 22 పరుగులు చూపించి ఎవరిని అడగమంటారు? పెద్దవాళ్ల జట్టులోనే ఈ ఆటకు చోటు లేదు కదా” అన్నారు. తర్వాతి మ్యాచ్‌కు ఆ అబ్బాయిని తీసుకోలేదు. ఇప్పుడు రోజూ నెట్స్‌లో కాలు పక్కకు తీసి మిడ్‌వికెట్ మీదుగా లేపడం సాధన చేస్తున్నాడు. కిట్టుకు, కోచింగ్‌కు అప్పు చేసిన తండ్రిని నేను తప్పుపట్టలేను. ఆయన మీ జట్టును చూసే ఆ లెక్క వేసుకున్నారు.

5. డిక్లరేషన్ గురించి

టెస్టు చరిత్రలో 400 దాటిన లక్ష్యాన్ని ఛేదించినవి నాలుగే. అన్నిటికంటే పెద్దది 2003లో వెస్టిండీస్ ఛేదించిన 418. అందులో ఒకటి మనదే, 1976లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో చేసిన 406. అయినా 2009 ఏప్రిల్‌లో వెల్లింగ్టన్‌లో న్యూజిలాండ్ ముందు 617 లక్ష్యం పెట్టేదాకా ఆగాం. 8 వికెట్లకు 281 మీద వాన వచ్చింది. రెండు వికెట్ల దూరంలో గెలుపు ఆగిపోయింది. 2021లో కాన్పూర్‌లో న్యూజిలాండ్ చివరి జోడీ 52 బంతులు కాచుకుని డ్రా చేసింది. వెల్లింగ్టన్‌లో ముందురోజు ఒక గంట, కాన్పూర్‌లో పది ఓవర్లు ముందే ఆపి ఉంటే ఆ రెండూ గెలుపులేనని నా నమ్మకం.

2025 జూలైలో ఎడ్జ్‌బాస్టన్‌లో 608 లక్ష్యం పెట్టారు. ఐదో రోజు ఉదయం వాన వల్ల ఆట ఆలస్యంగా మొదలైంది. గెలిచాం కాబట్టి ఎవరూ అడగలేదు. ఆకాశ్‌దీప్ చేతిలో బంతి ఆ రోజు అలా తిరగకపోతే, ఆ వాన ఇంకో రెండు గంటలు పడి ఉంటే ఏమయ్యేది? మీ భయం నాకు అర్థమవుతుంది. అదే మైదానంలో 2022లో ఇంగ్లండ్ మూడే వికెట్లకు 378 ఛేదించింది, హెడింగ్లీ గాయం అప్పటికి రెండు వారాలది కూడా కాదు. కానీ 378కి విరుగుడు 608 కాదు. ఇంకొక వికెట్ తీసే బౌలర్.

దక్షిణాఫ్రికా కూడా గువాహటిలో ఆలస్యం చేసింది, స్టబ్స్ 94 దగ్గర ఔటయ్యేదాకా ఆడించింది. నిజమే. వాళ్లకు హార్మర్, మహరాజ్, యాన్సెన్ ఉన్నారు కాబట్టి ఆ ధైర్యం చేశారు. మన వికెట్లు నిలబడవని కూడా అప్పటికి వాళ్లకు తెలిసిపోయింది.

సొంత మైలురాళ్ల కోసం జట్టు ఆగకూడదన్నది మనకు కొత్త కాదు. 2004లో ముల్తాన్‌లో సచిన్ 194 మీద ఉండగా ద్రవిడ్ డిక్లేర్ చేశాడు, ఇన్నింగ్స్ 52 పరుగులతో గెలిచాం. 2025 అక్టోబరులో అహ్మదాబాద్‌లో మీరు కూడా 5 వికెట్లకు 448 మీద రాత్రికి రాత్రే ఆపి మూడో రోజే గెలిచారు. ఆ నిర్ణయానికి నా పుస్తకంలో ఎర్రసిరాతో గీత గీసుకున్నాను. ఎప్పుడూ అలా చేయగలిగినప్పుడు అప్పుడప్పుడే ఎందుకు చేస్తున్నారు?

ఇదంతా రంజీ నుంచే మొదలవుతుందని కూడా చెప్పాలి. మ్యాచ్ డ్రా అయితే తొలి ఇన్నింగ్స్ ఆధిక్యానికి మూడు పాయింట్లు. అందుకే కెప్టెన్లు రెండు రోజులు బ్యాటింగ్ చేస్తారు. 1994లో సికింద్రాబాద్‌లో మా ఆంధ్ర మీద హైదరాబాద్ 6 వికెట్లకు 944 చేసింది, రంజీలో ఇప్పటికీ అదే పెద్ద స్కోరు. ఎం.వి.శ్రీధర్ 366. గొప్ప ఇన్నింగ్స్, నేను కాదనను. అలాంటి చోట పెరిగిన కెప్టెన్‌కు ‘ఇక చాలు’ అనడం ఎవరు నేర్పుతారు?

6. టికెట్ కొన్నవారి గురించి

కోల్‌కతా టెస్టు మూడో రోజే ముగిసింది. 124 లక్ష్యానికి మనం 93. పిచ్ తాము కోరుకున్నదేనని కోచ్ గారే మ్యాచ్ తర్వాత చెప్పారు. ఆ పిచ్‌పై మొత్తం మ్యాచ్‌లో ఒకే ఒక్క అర్ధసెంచరీ, బవుమా 55 నాటౌట్. 136 బంతులాడాడు. ఎదుటి కెప్టెన్ మనవాళ్లకు చూపించిన పాఠం అది. సెలవు పెట్టుకుని నాలుగో రోజుకు, ఐదో రోజుకు రైలు టికెట్ తీసుకున్నవాడి సంగతి, గేటు బయట బఠాణీలు, మంచినీళ్ల సీసాలు అమ్ముకునేవాడి సంగతి ఎవరి లెక్కలోనూ ఉండదు. రెండు రోజుల బేరం వాడికి రెండు రోజుల కూడు.

కాబట్టి మేము కోరుతున్నవి ఇవి.

ఒకటి. మూడో స్థానానికి ఒక బ్యాటర్ పేరు చెప్పండి. గాయమైతే తప్ప పది టెస్టుల దాకా అతణ్ని కదపకండి. ఎవరన్నది మీ ఇష్టం.

రెండు. జట్టు ప్రకటించిన రోజున, చోటు పోయిన ప్రతి ఆటగాడికి, రంజీలో మొదటి ఐదు స్థానాల్లో పరుగులు చేసి కూడా చోటు దక్కని ప్రతి బ్యాటర్‌కు కారణం ఒక్క వాక్యంలో బహిరంగంగా చెప్పండి. పరుగులతో పాటు వారు ఎదుర్కొన్న బంతులను కూడా చూడండి, చూశామని చెప్పండి.

మూడు. ఆల్‌రౌండర్‌గా తీసుకున్నవారికి బంతి ఇవ్వండి. ఇవ్వలేమనుకుంటే ఆ చోటు పూర్తి బ్యాటర్‌కో, పూర్తి బౌలర్‌కో ఇవ్వండి. బ్యాటింగ్ లోతు పేరుతో కుల్దీప్ లాంటి బౌలర్‌ను మళ్లీ ఒక సిరీస్ అంతా కూర్చోబెట్టకండి.

నాలుగు. డిక్లరేషన్ విషయంలో కెప్టెన్ చేతులు కట్టేయమని అడగడం లేదు. పిచ్, వాతావరణం, బంతి పాతబడ్డ తీరు మైదానంలో ఉన్నవారికే తెలుస్తాయి. 450 ఆధిక్యం దాటాక సెంచరీ కోసమో, భయంతోనో ఆగబోమని మాత్రం జట్టంతటికీ ముందే తెలిసేలా చేయండి.

ఐదు. సొంతగడ్డపై కనీసం నాలుగో రోజు దాకా నిలిచే పిచ్‌లు అడగండి.

ఆరు. రంజీలోనూ, వయోపరిమితి పోటీల్లోనూ తొలి ఇన్నింగ్స్ ఆధిక్యానికి పాయింట్లు తగ్గించి, గెలుపుకు పెంచేలా బోర్డుకు సిఫారసు చేయండి. పిల్లల జట్ల ఎంపిక పత్రాల్లో పరుగుల పక్కన ‘ఆడిన బంతులు’ అని ఒక గడి చేర్చండి. కాగితం మీద ఒక గడికి ఖర్చేమీ కాదు.

దీనికి జవాబు ఉత్తరంలో రాకపోయినా ఫరవాలేదు. తర్వాతి టెస్టు జట్టును ప్రకటించేటప్పుడు మూడో స్థానం ఎవరిదో, ఎన్నాళ్ల దాకా అతడిదో చెప్పండి. ఆ రోజు పేపరు కత్తిరించి, ఆ 143 బంతులున్న పేజీలో పెట్టి, ఆ అబ్బాయి వాళ్ల నాన్నకు చూపిస్తాను.

ఇట్లు,
ఒక జిల్లా స్కోరరు,
కాకినాడ